శిక్షకులకు గురువు: నూట్ రాక్నీ

కళాశాలలో కీర్తి గడించిన విద్యార్థిని లోకమంతా ఎరుగును. అతని చేత ఓనమాలు దిద్దించిన బడిపంతులును ఎరిగినవారు అరుదు. ఇది చదువు విషయంలో ఎంత నిజమో, ఆటల విషయంలోనూ అంతే నిజం. ఈ సత్యాన్ని గుర్తించి, పాఠశాల మైదానంలో పిల్లలకు ఆట నేర్పే సామాన్యోపాధ్యాయుణ్ణి తనకు సాటివానిగా గౌరవించి, తాను నేర్చిన విద్యను అతని ముందు దాపరికం లేకుండా పరిచిన మహాశిక్షకుడు ఒకరు అమెరికాలో ఉండేవారు. ఆయన పేరు నూట్ రాక్నీ. ఆయన నలభై మూడేండ్లు మాత్రమే జీవించారు. కాని ఆయన వెలిగించిన దీపం నుంచి వెలిగిన దీపాలు ఆయన మరణించిన పిమ్మట అనేక దశాబ్దాల వరకు వెలుగుతూనే ఉన్నవి.

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనం ఎరిగిన కాలిబంతి ఆట కాదు. కోలగా ఉండే తోలుబంతిని చేతబట్టుకొని పరుగెత్తడం, చేతితో విసరడం, ఎదిరిపక్షంవారు మీదపడి నేలకూల్చడం అందులోని ముఖ్యాంశాలు. పక్షానికి పదకొండుగురు. నాలుగు ప్రయత్నాలలో పది గజాలైనా ముందుకు సాగకపోతే బంతి ఎదిరిపక్షం పాలవుతుంది. పదకొండుగురూ ముందుగా నేర్చుకొన్న వరుస ప్రకారం ఒక్కసారిగా కదలాలి. ఒక్కడు తప్పినా పదిమంది శ్రమ వ్యర్థం. కనుక ఆ ఆటకు కండబలం ఎంత అవసరమో, పాఠం అంత అవసరం. ఆ పాఠానికి పునాది పడేది ఉన్నత పాఠశాలలో. పదునెనిమిదేండ్ల యువకుడు విశ్వవిద్యాలయం గడప తొక్కేసరికే అతని నడక, పట్టు, ధైర్యం, తోటివారితో మెలిగే తీరు ఒక రూపానికి వచ్చి ఉంటవి. విశ్వవిద్యాలయ శిక్షకుడు బంగారానికి మెరుగు పెట్టగలడే కాని, బంగారాన్ని పుట్టించలేడు.

రాక్నీ పుట్టుకతో అమెరికావారు కారు. 1888 మార్చి 4వ తేదీన నార్వే దేశపు పడమటి భాగంలో, కొండల నడుమ ఉన్న వోస్ అనే ఊళ్లో జన్మించారు. తండ్రి లార్స్ గుర్రపుబండ్లు తయారుచేసే పనివాడు. 1893లో షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో తన బండిని ప్రదర్శించడానికి సముద్రం దాటి వచ్చి, ఆ నగరంలోనే స్థిరపడ్డాడు. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ జరిగినది ఆ ప్రదర్శన సందర్భంగానేనన్న సంగతి మన విద్యార్థులు చదివే ఉంటారు. ఆ సంవత్సరమే భార్యాబిడ్డలు కూడా షికాగో చేరుకొన్నారు. అప్పటికి బాలునికి ఐదేండ్లు. వీధి పిల్లలతో కలిసి ఖాళీ స్థలాలలో ఆడుతూ కొత్త దేశపు భాషను, కొత్త దేశపు ఆటను ఒక్కసారే నేర్చుకొన్నాడు.

పాఠశాలలో అతడు బక్కపలచని కుర్రవాడు. పరుగుపందెంలో ఉన్న శ్రద్ధ పుస్తకాల మీద ఉండేది కాదు. చదువు పూర్తికాకుండానే బడి మానుకొని, షికాగో తపాలా కార్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. కొన్నేండ్లు అక్కడ పనిచేసి సుమారు వెయ్యి డాలర్లు కూడబెట్టాడు. ఆ సొమ్ముతో ఏ వ్యాపారమైనా పెట్టవచ్చు. కాని అతని మనస్సు విడిచిపెట్టిన చదువు మీదికి మళ్లినది. 1910లో, ఇరవైరెండవ ఏట, తోటివారు పట్టభద్రులై బయటికి వచ్చే వయస్సులో, ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్ పట్టణం చెంత ఉన్న నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. అది కాథలిక్ మతగురువులు 1842లో స్థాపించిన విద్యాసంస్థ. రాక్నీ ప్రొటెస్టెంటు కుటుంబంలో పుట్టినవాడు. అయినా ఆ విద్యాలయం అతనికి ఇల్లయినది. 1925లో ఆయన కాథలిక్ మతాన్ని స్వీకరించారు కూడా.

1913లో రాక్నీ విశ్వవిద్యాలయ జట్టుకు నాయకుడు. ఆ వేసవిలో అతడు, మిత్రుడైన గస్ డొరాయిస్, ఒహాయో రాష్ట్రంలోని సీడర్ పాయింట్ సముద్రతీరం వంటి సరోవరతీరంలో పనికి కుదిరారు. తీరిక దొరికినప్పుడల్లా ఇసుకలో బంతిని విసరడం, పరుగులోనే దానిని అందుకోవడం సాధన చేశారు. బంతిని ముందుకు విసరడాన్ని ఆట నిబంధనలు 1906 నుంచి అనుమతిస్తూనే ఉన్నా, పెద్ద జట్లు దానిని నమ్ముకొనేవి కావు. ఆ ఏడాది నవంబరు 1వ తేదీన, ఎవరూ లెక్కచేయని నోటర్ డేమ్ జట్టు వెస్ట్ పాయింట్‌లో సైనిక విద్యాలయపు జట్టును 35–13 తేడాతో ఓడించినది. డొరాయిస్ విసిరిన బంతులను రాక్నీ అందుకొన్న తీరు దేశమంతటా చర్చనీయమైనది. విద్య కొత్తది కాదు. అందరికీ అందుబాటులో ఉన్నదే. దానిని ఓపికతో సాధన చేసినవారు మాత్రం కొద్దిమంది. ఈ పాఠాన్ని రాక్నీ జీవితాంతం మరువలేదు.

1914లో ఔషధశాస్త్రంలో పట్టం పుచ్చుకొని, రాక్నీ ఆ విద్యాలయంలోనే రసాయనశాస్త్ర శాఖలో చేరారు. కృత్రిమ రబ్బరు ఆవిర్భావానికి దారితీసిన పరిశోధనలు చేసిన జూలియస్ న్యూలాండ్ మతగురువు వద్ద ప్రయోగశాలలో సహాయకులుగా ఉంటూ, విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధించారు. సాయంకాలం జట్టుకు సహాయ శిక్షకులు. ప్రయోగశాల అలవాట్లు ఆయనను మైదానంలో కూడా విడువలేదు. ఒక ఎత్తు ఫలించకపోతే అదృష్టాన్ని నిందించక, ఏ అడుగు ఆలస్యమైనదో, ఎవరు ఎక్కడ నిలువవలసి ఉండెనో వెదికేవారు. 1918లో ప్రధాన శిక్షకులయ్యారు.

ఆయన చేతికి వచ్చిన జట్టుకు ఒక చిక్కు ఉండేది. ఆ ప్రాంతపు పెద్ద విశ్వవిద్యాలయాల సమాఖ్య నోటర్ డేమ్‌ను తనలో చేర్చుకొనలేదు. దానికి తనదంటూ ఒక రాష్ట్రం లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వలె ఆ రాష్ట్రపు పిల్లలందరూ సహజంగా తనవైపు రారు. పోటీల కోసం న్యూయార్క్ మొదలుకొని లాస్ ఏంజెలెస్ వరకు రైళ్లలో తిరగవలసి ఉండేది. అటువంటి విద్యాలయానికి ఆటగాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? దేశం నలుమూలలా, పేరు తెలియని చిన్న చిన్న పట్టణాలలో, పిల్లలను చూసి, వారి తల్లిదండ్రులను ఎరిగి, వారి గుణదోషాలు చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అతడు ఆ ఊరి ఉన్నత పాఠశాల శిక్షకుడు. మన బళ్లలో డ్రిల్లు మాస్టరు వంటివాడు. తరచుగా చరిత్రనో, లెక్కలనో బోధిస్తూ సాయంకాలం మైదానంలో నిలిచేవాడు.

రాక్నీ అతనిని రెండు మార్గాలలో చేరుకొన్నారు. మొదటిది, తన శిష్యులను శిక్షకులుగా తయారుచేయడం. నోటర్ డేమ్‌లో ఆడి చదువు ముగించిన యువకులు పాఠశాలలలోనూ కళాశాలలలోనూ శిక్షకులై దేశమంతా వ్యాపించారు. రెండవది, వేసవి బడులు. బళ్లకు సెలవులిచ్చిన పిమ్మట ఆయన నోటర్ డేమ్‌లోనే కాక, దూరప్రాంతాల విద్యాలయాలకు కూడా పోయి శిక్షకులకు పాఠాలు చెప్పేవారు. బాస్కెట్‌బాల్‌లో సుప్రసిద్ధుడు, వృత్తిచేత వైద్యుడు అయిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు వాల్టర్ మీన్‌వెల్‌తో కలిసి కూడా ఇట్టి బడులు నడిపారు. ఆటగాళ్ల దేహదారుఢ్యం గురించి, గాయాల చికిత్స గురించి వారిద్దరూ రచించిన గ్రంథం 1931లో వెలువడినది.

ఈ బడులలో విశేషమేమనగా, ఆయన తన విద్యను దాచుకొనలేదు. బంతి కదలడానికి ముందు వెనుకవరుసలోని నలుగురు ఆటగాళ్లు ఒక్క ఊపున పక్కకు జరిగి కొత్త వ్యూహం పన్నడం నోటర్ డేమ్ జట్టు ప్రత్యేకత. ఎదిరిపక్షం సర్దుకొనే లోపలే బంతి ముందుకు సాగిపోయేది. అట్టి ఎత్తును రహస్యంగా ఉంచుకొనే శిక్షకులు ఎందరో ఉంటారు. రాక్నీ దానిని నల్లబల్ల మీద గీసి, అడుగుల లెక్కతో సహా వివరించేవారు. 1925లో తన పద్ధతులన్నిటినీ ఒక గ్రంథంగా ప్రకటించారు. ఎత్తు తెలిసినంత మాత్రాన ఎవరూ గెలువరని, దానిని ప్రతిదినం ఓపికతో పిల్లల చేత చేయించగలిగినవాడే గెలుస్తాడని, సీడర్ పాయింట్ ఇసుకలో నేర్చుకొన్న పాఠమే అందులోనూ కనిపిస్తుంది.

ఈ ఔదార్యంలో ఆయనకు లాభం లేకపోలేదు. పాఠశాలలో నోటర్ డేమ్ పద్ధతిని నేర్చిన బాలుడు విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి అతనికి అక్షరాలు వచ్చి ఉంటవి. ఇక కావ్యపాఠం మొదలుపెట్టవచ్చు. 1924లో దేశమంతటా పేరుమోసిన నలుగురు వెనుకవరుస ఆటగాళ్ల చరిత్రయే ఇందుకు నిదర్శనం. బైబిలులోని నలుగురు అశ్వికుల పేరిట ఒక పత్రికా రచయిత వారికి బిరుదు తగిలించాడు. హ్యారీ స్టూల్‌డ్రెహర్, డాన్ మిల్లర్, జిమ్ క్రౌలీ, ఎల్మర్ లేడెన్ అనే ఆ నలుగురిలో ఆరడుగులకు మించినవాడు ఒక్కడూ లేడు. బలంకంటె వేళకు కదలడమే వారి విద్య. ఆ సంవత్సరం జట్టు ఆడిన పది పోటీలూ గెలిచినది. వాటిలో చివరిదైన 1925 జనవరి 1వ తేదీ రోజ్ బౌల్ పోటీలో స్టాన్‌ఫర్డ్ జట్టును 27–10 తేడాతో ఓడించినది.

ఆ నలుగురిలో ఇద్దరు ఎట్లా వచ్చారో గమనించదగినది. విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే పట్టణం ఉన్నది. ఆ ఊరివాడైన కర్లీ లాంబో అనే యువకుడు 1918లో, రాక్నీ ప్రధాన శిక్షకులైన తొలి ఏడాది, ఆయన కింద ఆడాడు. అనారోగ్యం వలన చదువు మాని ఇంటికి మళ్లి, 1919లో గ్రీన్ బే ప్యాకర్స్ అనే జట్టును నెలకొల్పాడు. ఆ రోజులలోనే ఊరిలోని ఈస్ట్ హైస్కూలు పిల్లలకు శిక్షకుడుగా కూడా పనిచేశాడు. ఆ పిల్లలలో ఒకడు జిమ్ క్రౌలీ. గురువు చదువు పూర్తిచేయలేకపోయిన విద్యాలయానికే శిష్యుడు వెళ్లి కీర్తి గడించాడు. లేడెన్ అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణవాసి. అక్కడి ఉన్నత పాఠశాలలో అతని శిక్షకుడు వాల్టర్ హాలస్. ఆ హాలస్‌ను రాక్నీ తన విద్యాలయానికి శిక్షకుడుగా తెచ్చుకొన్నారు. గురువు వెంట శిష్యుడూ వచ్చాడు. తరువాతి కాలంలో దక్షిణ డకోటా రాష్ట్రంలోని విన్నర్ అనే చిన్న ఊరి నుంచి ఫ్రాంక్ లేహీని ఇట్లే పంపినవాడు రాక్నీ పూర్వశిష్యుడు, ఆ ఊరి బడి శిక్షకుడు ఎర్ల్ వాల్ష్. ఆ లేహీయే 1941లో నోటర్ డేమ్ ప్రధాన శిక్షకుడై, గురువుకు తగిన వారసుడనిపించుకొన్నాడు.

ఇక్కడ ఒక సందేహం రాక తప్పదు. విశ్వవిద్యాలయ శిక్షకుడు బడి శిక్షకుని చూపే ఆదరం విద్యాదానమా, లేక చేపల కోసం వేసే వలయా? ఆ కాలంలోనే ఈ ప్రశ్న అమెరికాను కలవరపెట్టినది. 1929 అక్టోబరులో కార్నెగీ సంస్థవారు కళాశాల క్రీడల మీద పెద్ద నివేదిక ప్రకటించారు. పాఠశాల ఆటగాళ్లను ఆకర్షించడానికి కళాశాలలు సాగించే ఉత్తరప్రత్యుత్తరాలను, చూపే ఆశలను, ఇచ్చే ధనసహాయాలను అందులో తీవ్రంగా విమర్శించారు. బడి శిక్షకుని స్థితి నిజంగా సంకటమైనది. ఒకవైపు పేరుగల శిక్షకుని స్నేహం. మరొకవైపు తనను నమ్మిన పిల్లవాడు, ఆ పిల్లవాని తల్లిదండ్రులు. ఏ కళాశాల ఆ బాలుని చదువుకు మంచిదో చెప్పవలసినవాడు, ఏ కళాశాల తనకు మర్యాద చేసినదో చూచి మాట్లాడితే, అతడు గురువు స్థానం నుంచి దళారి స్థానానికి జారిపోతాడు.

రాక్నీని ఈ విషయంలో ఋషిగా చిత్రించడం సత్యం కాదు. ఆయన గెలుపును కోరినవారు. ధనాన్ని నిరాకరించినవారు కారు. పత్రికలకు వ్యాసాలు వ్రాశారు. సౌత్ బెండ్‌లోని స్టూడ్‌బేకర్ మోటారు కంపెనీ పక్షాన ఉపన్యాసాలిచ్చారు. వేసవి బడులు ఆయనకు రాబడినీ, ఆటగాళ్లనూ రెండింటినీ తెచ్చిపెట్టినవి. ఆయన తలుపు తెరచినది అందరికీ కాదన్నది కూడా చెప్పుకోవాలి. ఆ కాలపు అనేక జట్ల వలెనే ఆయన జట్లలోనూ నల్లజాతి యువకునికి చోటు లేదు. నోటర్ డేమ్ నల్లజాతి విద్యార్థులను చేర్చుకొన్నది 1944లోనే. ఎందరో మంచి గురువులు, మంచి శిష్యులు ఆ వలయానికి బయటనే ఉండిపోయారు.

ఇంతటి లోపాలను ఒప్పుకొన్న పిమ్మట కూడా ఒక భేదం మిగులుతుంది. ఆశ చూపి పిల్లవానిని లాగుకొనేవాడు ఆ బడికి ఏమీ మిగల్చడు. ఆటగాడు పోతాడు, మైదానం బోసిపోతుంది. రాక్నీ పద్ధతిలో పిల్లవాడు వెళ్లినా గురువు వద్ద విద్య నిలిచి ఉండేది. నోటర్ డేమ్‌కు ఒక్క విద్యార్థినీ పంపజాలని శిక్షకునికి కూడా వేసవి బడిలో పాఠం అదే. మరుసటి ఏడాది ఆ పాఠంతోనే తన జట్టు మీదికి రాగల ప్రత్యర్థికి కూడా పాఠం అదే. ఇచ్చినది తిరిగి రాకపోయినా ఇచ్చినవానికి నష్టం లేదు, పుచ్చుకొన్నవానికి ఋణం లేదు. గురుశిష్య సంబంధానికి, బేరానికి గల తేడా ఇదే కదా!

1929లో కాలి రక్తనాళాల వ్యాధి ఆయనను మంచాన పడవేసినది. అయినా చక్రాల కుర్చీలో కూర్చుండి శిక్షణ సాగించారు. కొత్త క్రీడాప్రాంగణం నిర్మాణంలో ఉన్నందున ఆ ఏడాది పోటీలన్నీ పరస్థలాలలోనే జరిగినవి. ఒక్కదానిలోనూ జట్టు ఓడలేదు. 1930లో కొత్త ప్రాంగణం తెరచుకొన్నది. ఆ ఏడాది కూడా ఓటమి లేదు. పదమూడేండ్లలో ఆయన జట్లు 105 పోటీలు గెలిచినవి, 12 ఓడినవి, ఐదు సమంగా ముగిసినవి.

1931 మార్చి 31వ తేదీ ఉదయం, ఒక చలనచిత్ర నిర్మాణానికి సంబంధించిన పనిమీద రాక్నీ కాన్సస్ సిటీ నుంచి లాస్ ఏంజెలెస్‌కు విమానంలో బయలుదేరారు. కాన్సస్ సిటీలో చదువుకొంటున్న తన ఇద్దరు కుమారులను చూడడానికే అక్కడ ఆగారు. కాన్సస్ రాష్ట్రంలోని బజార్ అనే కుగ్రామం చెంత ఆ విమానం పచ్చిక బయళ్లలో కూలిపోయినది. అందులోని ఎనిమిదిమందీ మరణించారు. చెక్కతో చేసిన రెక్క విరిగిపోవడమే కారణమని తేలినది. ఆ ప్రమాదం పిమ్మటనే ప్రయాణికుల విమానాల నిర్మాణంలో చెక్కకు స్వస్తి చెప్పి, లోహాన్ని ఆశ్రయించడం వేగం పుంజుకొన్నది. జన్మభూమి అయిన నార్వే దేశపు రాజు ఆయనకు మరణానంతరం గౌరవ బిరుదమిచ్చారు.

శిక్షకుడు పోయినా శిక్షణ పోలేదు. ఆయన వద్ద ఆడిన ఫ్రాంక్ థామస్ ఆ 1931లోనే అలబామా విశ్వవిద్యాలయ శిక్షకుడై, తరువాత సుప్రసిద్ధుడైన బేర్ బ్రయంట్‌ను తయారుచేశాడు. గ్రీన్ బే బడి నుంచి వచ్చిన జిమ్ క్రౌలీ 1933లో న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయ శిక్షకుడైనాడు. విన్నర్ గ్రామం నుంచి వచ్చిన లేహీ కొంతకాలం అక్కడ అతనికి సహాయకుడు. వారిద్దరి చేతి కింద ఆడిన యువకులలో ఒకడు విన్స్ లొంబార్డీ. చదువు ముగించిన తరువాత లొంబార్డీ 1939లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఇంగిల్‌వుడ్ పట్టణంలో సెయింట్ సిసిలియా ఉన్నత పాఠశాలలో చేరి, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, లాటిన్ బోధిస్తూ పిల్లలకు ఆట నేర్పాడు. ఎనిమిదేండ్లు అదే బడి. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1959లో గ్రీన్ బే ప్యాకర్స్ శిక్షకుడైనాడు. లాంబో నెలకొల్పిన ఆ జట్టును ఐదుసార్లు దేశవిజేతగా నిలిపి, 1970లో కన్నుమూశాడు.

రాక్నీ వద్ద నుంచి బయలుదేరిన విద్య గ్రీన్ బే హైస్కూలుకు వెళ్లి, అక్కడి నుంచి మరల రాక్నీ వద్దకు వచ్చి, ఫోర్డమ్ మీదుగా మరొక హైస్కూలుకు చేరి, చివరకు గ్రీన్ బేకే తిరిగి వచ్చినది. గ్రీన్ బేలోని క్రీడాప్రాంగణానికి 1965లో లాంబో పేరు పెట్టారు. వృత్తి ఫుట్‌బాల్ మహావిజేతకు ఏటేటా ఇచ్చే పాత్రకు లొంబార్డీ పేరున్నది. రాక్నీ పేరు ప్రతి క్రీడాచరిత్రలోనూ ఉన్నది. కాని ఈ ముగ్గురినీ కలిపిన దారి రెండుచోట్ల బడి మైదానం మీదుగానే సాగినదని గుర్తుంచుకొన్నవారు కొద్దిమంది.

సాయంకాలం గంట కొట్టిన తరువాత ఇంటికి పోక, పది మంది పిల్లలను వెంటబెట్టుకొని మైదానానికి నడిచే ఉపాధ్యాయులు ఏ దేశంలోనైనా ఉన్నారు. వారి విద్యార్థులలో ఎవరు ఎంతటివారవుతారో వారికి తెలియదు. వారికి కావలసినది పెద్దల పొగడ్త కాదు; పెద్దలకు తెలిసిన విద్యలో న్యాయమైన భాగం. రాక్నీ వారికి ఇచ్చినది అదే.